వేళగాని వేళ



పెళ్ళిలో తాళి కట్టే ఘడియ ఒకసారి గుర్తు చేసుకోండి. అప్పటిదాకా సన్నాయివాళ్ళు ఏదో సినిమా పాట తాపీగా వాయిస్తుంటారు. పురోహితుడు మంత్రం ఆపకుండానే చెయ్యి పైకెత్తి ఊపుతాడు. "గట్టిమేళం! గట్టిమేళం!" అని పందిట్లో నలుగురు కేకేస్తారు. అంతే, డోలు విద్వాంసుడు విరుచుకుపడతాడు, సన్నాయి పై స్థాయికి ఎగబాకుతుంది, పక్కన కూర్చున్నవాడు ఏమంటున్నాడో మనకు వినపడదు. వినపడకూడదనే ఆ ఏర్పాటు అని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ క్షణాన ఎవరో తుమ్మవచ్చు. ఏ చంటిపిల్లో గుక్కపట్టవచ్చు. వంటలదగ్గర నుంచి ఎవరో "అయిపోయింది, మొత్తం అయిపోయింది" అని అరవవచ్చు. పాపం అతను చెప్పేది నెయ్యి సంగతే కావచ్చు. అవేవీ పీటల మీద ఉన్నవాళ్ళ చెవిన పడకుండా మేళం మింగేస్తుంది.

సాటి మనుషుల నోటి మీద నమ్మకం చాలక ఒక వాద్యబృందాన్నే కాపలా పెట్టుకున్నాం మనం. ఆ అపనమ్మకం ఊరికే రాలేదు. "శుభం పలకరా మంకన్నా అంటే, పెళ్ళికూతురు ముండ ఏదీ అన్నాడట" అని సామెత. మంకన్న కొన్ని ఊళ్ళలో ఎంకన్న అవుతాడు, పేరు మారినా నోరు మాత్రం అదే. రేడియోలో అనదగిన మాటేనా అని మీలో కొందరు అనుకోవచ్చు. ఆ మాట తీసేసి చెబితే సామెతలో ఏమీ మిగలదు. ఆ తిట్టుకు అసలు అర్థం భర్త పోయిన ఆడది అని. ఇంకా తాళి కూడా పడని పిల్లను పట్టుకుని, పందిరి నిండా జనం ఉండగా, ఆ మాట అన్నాడు. మంకన్నకు దురుద్దేశం ఏమీ లేదు. ముహూర్తం దాటిపోతోంది, పిల్ల ఇంకా పీటల మీదికి రాలేదు, ఆ కంగారులో రోజూ ఇంట్లో ఆడవాళ్ళను పిలిచే మాటే నోటికొచ్చింది. రోజూ అంటున్నంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళిరోజున అనేసరికి సామెత అయి కూర్చుంది. మంకన్న తప్పు మాటలో ఉందా, వేళలో ఉందా అన్నది నన్నడిగితే రెండో ప్రశ్న. మొదటిది, ఆ రోజుదాకా అంతా ఎందుకు ఊరుకున్నారు?

సరే, ఈ భయంతో మనం నిత్యం వాడే మాటలే మార్చుకున్నాం. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. మంగళసూత్రం తాడు తెగితే పెరిగిందంటాం. రాత్రిపూట పాము పేరెత్తకుండా పురుగు ముట్టిందంటాం. గడప దాటుతున్న మనిషిని "ఎక్కడికి" అని అడిగితే వెళ్ళిన పని చెడుతుందని "ఎందాకా?" అంటాం, "దూరమా?" అంటాం. అడిగేదీ అదే, రాబట్టేదీ అదే. ఇంటి నుంచి బయలుదేరేవాడు వెళ్తానంటే ఒప్పుకోం, వెళ్ళొస్తానంటేనే కదలనిస్తాం. ఇంతా చేసి, సాయంసంధ్యవేళ తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతుంటారని, ఏ మాట చెవిన పడితే దానికి తథాస్తు అనేస్తారని పిల్లల్ని హెచ్చరిస్తాం. ఆ దేవతలకు తెలుగు బాగా వచ్చినట్టుంది, వెటకారం మాత్రం తెలిసినట్టు లేదు.

వేళకు తగిన మాట గురించి మనకు బాగా నోటికొచ్చిన బుద్ధి సుమతీ శతకంలోది. సందర్భానికి తగింది చెప్పి, ఎదుటివాడి మనసు కష్టపెట్టకుండా, తన మీదికీ తెచ్చుకోకుండా జారుకోగలిగినవాడే అదృష్టవంతుడని దాని సారాంశం. బళ్ళో చదువుకున్నప్పుడు ఇది అందరికీ వర్తించే నీతి అనుకుంటాం. కాస్త ఆగి చూస్తే, ఇది కొలువులో బతికేవాడికి చెప్పిన సలహా. తప్పించుకోవలసిన అవసరం మంత్రికి ఉంటుంది, గుమస్తాకు ఉంటుంది, ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలికి ఉంటుంది. రాజుగారికి ఏం అవసరం? ఆయన ఏ వేళ ఏం మాట్లాడితే ఆ వేళకు అదే తగిన మాట.

ఆ పద్యంలో తగిన మాటను ప్రస్తుతం అన్నారు. అది కానిది అప్రస్తుతం. అప్రస్తుత ప్రసంగం అంటే మన సభల్లో ఎవరికీ కొత్త కాదు. విచిత్రమేమిటంటే, అలంకారశాస్త్రంలో అప్రస్తుతప్రశంస అనే అలంకారమే ఉంది. చెప్పదలచినది వదిలేసి, సంబంధం లేనట్టు కనిపించే మరోదాన్ని వర్ణించి, దాని ద్వారా అసలుది తోపింపజేయడం. కవి చేస్తే అలంకారం. సన్మానసభలో వక్త చేస్తే మాత్రం శాలువా కప్పించుకుందామని వచ్చిన పెద్దాయన కుర్చీలో కదులుతుంటాడు. ఒక సభలో వక్తగారు మైకు సవరించుకుని ఇలా అన్నారు: "ఇటువంటి సన్మానాలు చాలామందికి పోయాక జరుగుతున్నాయి. వీరికి కాస్త ముందుగా జరగడం మన అదృష్టం." చప్పట్లు రెండు మూడు మోగి ఆగిపోయాయి. వక్తగారు అది గమనించి సర్దబోయారు. "అంటే, వీరికి ఇంకా టైముంది" అన్నారు. ముందు వరుసలో పెద్దాయన భార్య పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో వెనక కూర్చున్న నాకు తెలియలేదు.

ఇలాంటి మాటకు మన భాషలో నోరు జారడం అని పేరు. నోటిదురుసు వేరు, నోటిదూల వేరు. దురుసువాడు తెలిసి అంటాడు. దూల ఉన్నవాడు ఆపుకోలేక అంటాడు. నోరు జారినవాడికి అన్నాక తెలుస్తుంది. ఇక అన్నాక కూడా తెలియనివాడు ఒకడున్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పిమ్మన్నవాడు. చూడండి, అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అగ్గిపెట్టెలు ఇంటింటికీ చేరకముందు పక్కింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చుకోవడం మామూలే. నిన్న అడిగి ఉంటే లోపలికి రమ్మని ఇచ్చి ఉండేవారు. పైగా ఈ రోజు నిప్పుకు కొదవే లేదు. వాడి లెక్క వాడికి సరిగ్గానే ఉంది. ఈ సామెత కల్పించినవాడికి మనిషి బుద్ధి బాగా తెలుసు.

మాట సంగతి ఇలా ఉండగా, మనిషే వేళగాని వేళ వస్తే? ఇక్కడ తెలుగు నిజంగా తన తడాఖా చూపిస్తుంది. మర్యాదస్తుడు వస్తాడు, విచ్చేస్తాడు. అక్కర్లేనప్పుడు వచ్చినవాడు రాడు, ఊడిపడతాడు. పైన ఎక్కడో వేలాడుతూ ఉండి, మనం అన్నం ముందు కూర్చున్న క్షణం చూసి జారి పడ్డట్టు. సామానుతో సహా వస్తే దిగబడతాడు. పొద్దున్నే వస్తే తయారవుతాడు. వచ్చి ఇక కదలకపోతే దాపురించాడంటాం, ఆ క్రియాపదం మామూలుగా శనికి వాడేది. మరీ ఒళ్ళు మండితే తగలడ్డాడంటాం. పిలవకుండానే పనిలో వేలు పెట్టడానికి వచ్చినవాళ్ళు తగుదునమ్మా అంటూ వస్తారు. ఆ ఒక్క మాటలో వచ్చిన మనిషి నడక, కొంగు దోపుకున్న తీరు, గొంతు కూడా వినిపిస్తాయి. మాటల మధ్య దూరినవాడిని కోస్తాలో "మధ్యలో నీ గోలేంటి" అంటారు, తెలంగాణలో "నడుమ నీ లొల్లేంది" అంటారు. ఇద్దరూ కోరేది వాడు నోరు మూసుకోవడమే.

ఇంకో చమత్కారం. దయచేయండి అంటే రండి అని అర్థం. వచ్చినవాడు ఎంతకీ లేవకపోతే "ఇక దయచేయండి" అన్నా సరిపోతుంది. ఒకే మర్యాదతో లోపలికి పిలవనూవచ్చు, బయటికి పంపనూవచ్చు.

పానకంలో పుడక అనే మాట అందరూ వాడతారు. శ్రీరామనవమి పందిట్లో నిలబడి పానకం తాగినవాళ్ళకే అది గొంతులో తెలుస్తుంది. చైత్రమాసపు ఎండ. గుండిగలో బెల్లం నీళ్ళు, మిరియాలపొడి, యాలకులు. చేతికొచ్చిన గ్లాసు కళ్ళు మూసుకుని గడగడా ఎత్తేస్తాం. బెల్లం దిమ్మకు అంటుకున్న గడ్డిపోచో, చెరుకు పీచో వడగట్టేటప్పుడు ఎవరి కన్నో గప్పి వచ్చేసి ఉంటుంది. సరిగ్గా గుటకపడే చోట అడ్డం తిరుగుతుంది. పుడక చిన్నది, హాని ఏమీ లేదు, తీసి పారేస్తే పోతుంది. కానీ ఆ గుటక మాత్రం మళ్ళీ రాదు. కొత్తదంపతులు ఏకాంతంగా మాట్లాడుకుంటుంటే "ఏం చేస్తున్నారర్రా" అంటూ వచ్చి మంచం మీద కూర్చునే బాబాయిగారికి ఆ పేరు ఎందుకు పెట్టారో ఇక వివరించక్కర్లేదు.

ఎదుటివాడి గురించి చెడ్డగా చెప్పుకుంటుండగా వాడే గుమ్మంలో నిలబడితే ఏం చేయాలి? దానికీ మన దగ్గర ఉపాయముంది. "రండి రండి, నూరేళ్ళాయుష్షు మీకు, ఇప్పుడే అనుకుంటున్నాం!" అనేస్తాం. అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజంగానే అనుకుంటున్నాం. ఏమనుకుంటున్నామో చెప్పలేదు, అంతే. వచ్చినవాడు వంద సంవత్సరాల ఆయుర్దాయం జేబులో వేసుకుని సంతోషంగా కూర్చుంటాడు. ఇంటి యజమాని చెమట తుడుచుకుంటాడు.

పురాణాల్లో ఈ వేళగాని రాకకు ఒక మహానుభావుడున్నాడు. దూర్వాసుడు. కోపానికి ఆయన పేరు చెబుతాం గానీ, నా ఉద్దేశంలో ఆయన అసలు ప్రత్యేకత వచ్చే వేళ. శకుంతల దుష్యంతుణ్ణి తలచుకుంటూ ఒళ్ళు మరచి కూర్చున్న వేళ చూసి కణ్వాశ్రమానికి వస్తాడు. కాళిదాసు నాటకం మొత్తం ఆ ఒక్క రాకతో మలుపు తిరుగుతుంది. అంబరీషుడు ఏకాదశి ఉపవాసం ముగించి ద్వాదశి ఘడియలు దాటకముందే పారణ చేయాలి, అప్పుడు వస్తాడు. వచ్చి, స్నానం చేసి వస్తానని యమునకు పోయి అక్కడే ఉండిపోతాడు. అతిథిని వదిలి తినకూడదు, ఘడియ దాటనివ్వకూడదు. పాపం రాజు గుక్కెడు నీళ్ళు పుచ్చుకుంటాడు, అది తిన్నట్టూ అవుతుంది తిననట్టూ అవుతుందని. అయినా మునికి కోపమే. ఉత్తరకాండలో కాలపురుషుడు వచ్చి రాముడితో ఏకాంతంగా మాట్లాడుతుంటాడు. ఆ గదిలోకి ఎవరొచ్చినా వాళ్ళకు మరణమే అని షరతు. లక్ష్మణుడు వాకిట కాపలా. అప్పుడు వస్తాడు. ఇప్పుడే లోపలికి కబురు పంపకపోతే వంశాన్నంతా శపిస్తానంటాడు. ఆ వాకిటి దగ్గర లక్ష్మణుడి కథ ముగిసిపోతుంది.

వీటన్నిటిలో నాకు ఆసక్తి కలిగించేది అరణ్యవాసంలో కథ. 10,000 మంది శిష్యులతో పాండవుల దగ్గరికి భోజనానికి వస్తాడు. ద్రౌపది తిన్నాక అక్షయపాత్ర ఆ రోజుకు ఇంకేమీ ఇవ్వదు. ఆమె తిని గిన్నె కడిగేశాక వస్తాడు. అది యాదృచ్ఛికం కాదు. దుర్యోధనుడు ఆయనకు ముందుగా సేవలు చేసి, వరంగా ఆ వేళనే కోరుకున్నాడు. ఆయుధం పట్టకుండా శత్రువును దెబ్బతీయాలంటే వాడింటికి ఒక పెద్దమనిషిని వేళగాని వేళ పంపితే చాలునని తెలిసినవాడు దుర్యోధనుడు. గిన్నెకు అంటుకున్న ఆకు ముక్కతో కృష్ణుడు ఆ గండం గట్టెక్కించాడు గానీ, ఆలోచన మాత్రం పదునైనదే.

భృగుమహర్షి కూడా ఈ కోవవాడే. లక్ష్మీనారాయణులు ఏకాంతంలో ఉండగా వైకుంఠానికి వెళ్ళి, తనను చూడలేదని విష్ణువు రొమ్ము మీద తన్నాడు. విష్ణువు ఆ కాలు పట్టుకుని, నొప్పి పుట్టిందా స్వామీ అంటూ ఒత్తాడు. ఒత్తుతూ అరికాలిలోని మూడో కన్ను చిదిమేశాడని మనవాళ్ళు కలుపుకున్నారు. లక్ష్మి అలిగి వెళ్ళిపోయింది, స్వామి వెతుక్కుంటూ శేషాచలం వచ్చాడు. ఆ లెక్కన తిరుమల కొండ మీద ఇవాళ ఇంత జనం క్యూలో నిలబడటానికి మూలం ఒక వేళగాని రాక.

ఈ కథలన్నిటిలో వచ్చినవాడిని ఎవరైనా "ఇది వేళా?" అన్నారా? అనలేదు. తప్పు పరాకున ఉన్న శకుంతలది, నీళ్ళు తాగినవాడిది, వాకిట నిలబడ్డవాడిది. దూర్వాసుడు ఎప్పుడొస్తే అదే వేళ. మన సభల్లోనూ అంతే. గంటన్నర ఆలస్యంగా వచ్చిన మంత్రిగారు వేంచేశారంటాం. ఐదు నిమిషాలు ఆలస్యమైన అటెండరు "ఇప్పుడా ఊడిపడేది" అనిపించుకుంటాడు. గడియారం ఒక్కటే, వచ్చిన మనిషిని బట్టి క్రియాపదం మారింది.

ఈ లెక్క అడుగుకు పోతే నవ్వు ఆగిపోతుంది. దూర్వాసుడికి సరిగ్గా ఎదురు చివర నిలబడ్డ మనిషి ఒకరున్నారు. ఏ వేళ వచ్చినా వేళ కానిదే అనిపించుకున్నది వితంతువు. ఎవరైనా ప్రయాణమై బయలుదేరుతుంటే వీధిలో నీళ్ళబిందెతో పోతున్న ఆమె కనబడితే "ఎదురొచ్చింది" అని వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కున్నారు. ఆమె దారిన ఆమె పోతోంది, ఎదురువెళ్ళింది బయలుదేరినవాడు. సొంత కూతురి పెళ్ళిలో కూడా పీటల దగ్గరికి రాకుండా వెనకగదిలో కూర్చోబెట్టారు. గట్టిమేళం మోగితే ఆ గదిలోంచి వినడమే. ఇందాకటి సామెతలో తిట్టు ఆమె పేరే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు అంతగా గగ్గోలు పెట్టిందంటే, ఆ పందిట్లో పీటల మీద కూర్చున్నదే అంతవరకూ ఏ పందిట్లోకీ రాకూడని మనిషి.

1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గురజాడ వేళగాని రాకల నవ్వునూ, ఏ వేళా తనది కాని వితంతువునూ ఒకే నాటకంలో పెట్టాడు. మధురవాణి ఇంట్లో మంచం కింద ఒకరికి ఇద్దరు దూరడం, పూటకూళ్ళమ్మ చీపురుతో దిగడం చూసి జనం ఇప్పటికీ పొట్ట చెక్కలు చేసుకుంటారు. అక్కడ ప్రతివాడి రాకా ఇంకొకడికి వేళ కాదు. అదే నాటకంలో బాలవితంతువు బుచ్చమ్మ ఉంది. ఆమెకు ఎప్పటికీ వేళ కాదు.

ఇక చివరికి, చెప్పక తప్పని మాట ఒకటుంది. చావు కబురు. చావు కబురు చల్లగా చెప్పాడని ఎగతాళి చేస్తాం గానీ, ఆ కబురు మోసినవాడి అవస్థ చూడండి. పొరుగూరి నుంచి వస్తాడు. లోపలికి రమ్మంటే రాడు, అరుగు మీద కూర్చుంటాడు. మంచినీళ్ళిస్తే పుచ్చుకోడు. ఇల్లాలు అప్పుడే విస్తళ్ళు వేస్తోందని గమనిస్తాడు. "ఏరా, ఏంటి సంగతి?" అంటే, "ఏం లేదు బాబూ, ముందు మీ భోజనాలు కానివ్వండి" అంటాడు. ఆ మాటతోనే సగం తెలిసిపోతుంది. అయినా తెలియనట్టు మజ్జిగ దాకా తింటారు. చెప్పాక ఇక ఆ రోజుకు పొయ్యి వెలగదని వాడికి తెలుసు, వీళ్ళకూ తెలుసు. చల్లగా చెప్పాడని తిట్టాం, వాడు అన్నం తిననిచ్చాడు.

ఉత్తరాల కాలంలో ఆ పని కాగితం చేసింది. మంచి ఉత్తరం తల మీద శ్రీ, శుభలేఖ మూలలకు పసుపు. చెడుకబురు కార్డు మీద అశుభం అని ముందే రాసేవారు. దాన్ని వాకిట్లోనే చదివి చింపేసి, స్నానం చేసి లోపలికి వచ్చేవారు. టెలిగ్రాం సైకిలు వీధిలో ఆగితే విషయం చదవకముందే ఏడుపు మొదలయ్యేది. ఉద్యోగం వచ్చిందని తంతి పంపిన కొడుకు, తన ఇంట్లో ఎంత గోల అయిందో సెలవుకు వచ్చాక తెలుసుకునేవాడు. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసే ఆగిపోయింది.

పరామర్శకు వెళ్ళినచోట ఇంకో నియమం. నిత్యం తప్పనిసరైన మాట అక్కడ తప్పు. చావింట్లోంచి లేచేటప్పుడు వెళ్ళొస్తాననకూడదు. మళ్ళీ ఇలాగే రావలసి వస్తుందని భయం. ఏమీ అనకుండా లేచి, చెప్పులు చూసుకుని, వెనక్కి తిరగకుండా నడవాలి. ఇది తెలియని పట్నం కుర్రాళ్ళు మర్యాదగా "వెళ్ళొస్తామండీ" అంటారు. పెద్దావిడ ఎవరో మోచేత్తో పొడుస్తుంది.

ఇప్పుడు అందరం వాట్సాప్ గుంపుల్లో ఉన్నాం. తెల్లవారుజామున ఎవరో పెదనాన్నగారు పోయారని పెడతారు. దాని కిందనే, పైది చూడకుండా, ఇంకెవరో గులాబీలతో శుభోదయం పెడతారు. ఆ కింద ఓం శాంతి. ఆ కింద ఎవరి పుట్టినరోజుకో కేకు. పోయినవారికి పెట్టవలసిన దండం గుర్తు పుట్టినరోజుకు, పుట్టినరోజుకు పెట్టవలసిన కేకు గుర్తు పోయినవారికి పొరపాటున పడతాయి. గట్టిమేళం అక్కడ వాయించేవాళ్ళు లేరు.

అయితే దూరదేశాల్లో ఉన్న పిల్లలు ఒక పద్ధతి కనిపెట్టారు. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం భోజనవిరామం అంటే ఇక్కడ రాత్రి 11 గంటలు. అప్పుడే వాళ్ళకు అమ్మ గుర్తొస్తుంది. ఆ వేళ ఫోను మోగితే ఇక్కడ గుండె జారిపోతుందని వాళ్ళకు అర్థమైంది. అందుకని ఫోను ఎత్తగానే, ఎలా ఉన్నావని కూడా అడగకుండా, "ఏం లేదమ్మా, ఊరికే చేశా" అంటారు. ఒకరోజు మా ఎదురింటావిడ కొడుకు ఆ మాట మరచిపోయి "అమ్మా, ఒక సంగతి చెప్పాలి" అని మొదలుపెట్టాడు. ఆవిడ మంచం మీంచి లేచి నిలబడింది. సంగతేమిటంటే వాడికి పప్పుచారు ఎలా పెట్టాలో కావాలి. ఆవిడ చింతపండు ఎంతో, ఇంగువ ఎప్పుడో అంతా ఓపిగ్గా చెప్పింది. చెప్పి, ఫోను పెట్టేసే ముందు అంది: "ఇంకోసారి చేస్తే ముందు ఊరికే అని చెప్పి, తర్వాత అమ్మా అను."